సూరత్ వంటింట్లో ఇద్దరు, ఫోన్‌లో మరో ఇద్దరు: కలిసి వండితే దంపతులు ఎందుకు దగ్గరవుతారు?

సంక్రాంతి నాడు సూరత్ జనమంతా మిద్దెల మీదే ఉంటారు. గుజరాతీలు ఉత్తరాయణ్ అని పిలిచే ఆ పండక్కి పొద్దున్నుంచే గాలిపటాలు, మధ్యాహ్నానికి ఊంధియూ, జిలేబీ ఉండాల్సిందే. అదే ఊళ్లో లింబాయత్ వైపు తెలుగు ఇళ్లలో సకినాల వాసన వస్తుంది. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది.

సకినాలు ఒక్కరితో అయ్యే వంట కాదు. నానబెట్టిన బియ్యాన్ని పిండి పట్టించి, నువ్వులు, వాము కలిపి, పరిచిన బట్ట మీద వేళ్లతో చుట్లు చుట్టాలి. అవి కాస్త ఆరాక నూనెలో వేయించాలి. ఊళ్లో అయితే ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒక రోజు ఒకరింట్లో, మరో రోజు మరొకరింట్లో కూర్చుని చుట్టేవారు. వలస వెళ్లిన ఊళ్లో, అందులోనూ కొత్త అపార్ట్‌మెంట్లలో, ఆ గుంపు దొరకడం కష్టం. ఆ లోటును కొంతవరకు పూడుస్తున్నది వీడియో కాల్.

పద్ధతి సులువే. ఒక జంట సూరత్‌లో, వాళ్ల స్నేహితుల జంట కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటుంది. అందరూ ముందే సరుకులు తెచ్చుకుని, ఒక సమయం అనుకుని, ఫోన్లు వంటగట్టు మీద నిలబెట్టి ఒకే వంట మొదలుపెడతారు. 2020 లాక్‌డౌన్‌లో ప్రపంచమంతటా ఈ అలవాటు పెరిగింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో వాట్సాప్ గ్రూప్ వీడియో కాల్ పరిమితిని నలుగురి నుంచి ఎనిమిది మందికి పెంచింది. లాక్‌డౌన్ పోయినా, దూరాలు పోలేదు కాబట్టి అలవాటు కొన్ని ఇళ్లలో నిలిచింది.

భార్యాభర్తల మధ్య మరో జంట ఎందుకు?

ఇద్దరి మధ్య దగ్గరితనం పెరగాలంటే వాళ్లిద్దరూ ఏకాంతంగా గడపాలని సాధారణంగా అనుకుంటారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ స్లాచర్ 2010లో ప్రచురించిన పరిశోధన ఇంకో కోణం చూపించింది. ప్రేమలో ఉన్న 60 జంటలను తీసుకుని, ఒకరికొకరు తెలియని రెండేసి జంటలను ఒకచోట కూర్చోబెట్టారు. కొందరికి క్రమంగా మనసు విప్పేలా చేసే ప్రశ్నలు ఇచ్చారు. మిగతావారికి పైపై కబుర్లకు సరిపోయే ప్రశ్నలు ఇచ్చారు. మనసు విప్పి మాట్లాడుకున్నవారు అవతలి జంటకు దగ్గరయ్యారు. అంతేకాదు, తమ జతగాడికి లేదా జతగత్తెకు కూడా మరింత దగ్గరైనట్టు చెప్పారు.

కారణం ఊహించడం కష్టం కాదు. పదేళ్లు కాపురం చేశాక భర్త చెప్పే కథలన్నీ భార్యకు తెలుసు, ఆమె చెప్పేవన్నీ అతనికి తెలుసు. స్నేహితులు అడిగినప్పుడు మాత్రం అదే మనిషి కొత్త సంగతి చెబుతాడు, కొత్త చమత్కారం విసురుతాడు. పక్కన నిలబడి చూస్తున్నవారికి తెలిసిన మనిషే కాస్త కొత్తగా కనిపిస్తాడు.

రెండోది, కలిసి కొత్త పని చేయడం. ఆర్థర్ ఆరన్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో దంపతుల చేతిమణికట్లను, చీలమండలను జతగా కట్టి, మధ్యలో ఒక దిండును చేతులతో పట్టుకోకుండా మోస్తూ పరుపుల మీద పాకమన్నారు. మామూలు పని చేసినవారి కంటే ఈ నవ్వు పుట్టించే పని చేసినవారు తమ బంధం గురించి ఎక్కువ సంతృప్తి వ్యక్తం చేశారు. ఈ రెండు పరిశోధనలూ వంట మీద జరిగినవి కావు. కానీ ఎప్పుడూ చేయని వంటను ఇద్దరూ కలిసి, మరో జంట చూస్తుండగా చేయడంలో ఆ రెండు అంశాలూ ఉన్నాయి.

ఊంధియూనే తీసుకుంటే, సూరత్ జంట దాన్ని స్నేహితులకు నేర్పాలనుకుందాం. సూరతీ పాపడీ అనే చిక్కుళ్లకు ఈనెలు తీయాలి, చిన్న వంకాయలకు గాట్లు పెట్టాలి, చిలగడదుంపలు, అరటికాయ తరగాలి, మెంతికూరతో ముఠియాలు చేయాలి, కొబ్బరి, కొత్తిమీర, పచ్చి వెల్లుల్లి కాడలతో మసాలా నూరాలి. ఇద్దరికీ చేతినిండా పని ఉంటుంది. తికమకలూ ఉంటాయి. గుజరాతీలు అందులో వేసే ‘కంద్’ అంటే ఊదారంగు పెండలం. ఆ మాట విని కరీంనగర్ మిత్రుడు మన కంద తెచ్చాడంటే, అది గుజరాతీలకు ‘సూరణ్’. ఇలాంటి పొరపాటు కూర రుచి మార్చవచ్చు గానీ, ఆ నలుగురూ ఏళ్ల తరబడి చెప్పుకునే ముచ్చట అవుతుంది.

ఆఫీసు కాల్ అలసట ఇక్కడ ఎందుకు తక్కువ?

రోజంతా స్క్రీన్ ముందు కూర్చున్నవారికి మరో వీడియో కాల్ అంటే విసుగు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో దీనికి నాలుగు కారణాలు చెప్పారు: మరీ దగ్గరగా కళ్లలోకి చూడాల్సి రావడం, తన ముఖం తనకే కనిపిస్తూ ఉండటం, కదలకుండా కూర్చోవడం, హావభావాలు పట్టుకోవడానికి మెదడు అదనంగా శ్రమించడం. వంటలో చూపు కత్తిపీట మీద, మూకుడు మీద ఉంటుంది. మనిషి అటూ ఇటూ తిరుగుతాడు.

నెట్‌వర్క్ ఆలస్యం సంగతీ అంతే. మాట అవతలికి చేరడం ఒక సెకను దాటి ఆలస్యమైతే, తప్పు సాంకేతికతదైనా, అవతలి మనిషే శ్రద్ధగా వినడం లేదన్న అభిప్రాయం కలుగుతుందని జర్మనీలో 2014లో వెలువడిన ఒక అధ్యయనం గుర్తించింది. ఉల్లిపాయలు తరుగుతున్న మనిషి రెండు క్షణాలు ఆగి బదులిస్తే ఎవరూ పట్టించుకోరు. మౌనానికి కూడా అక్కడ చోటుంది.

అసలు పరీక్ష: ఉల్లిపాయలు తరిగేది ఎవరు?

భార్య వండుతుంటే భర్త ఫోన్ పట్టుకుని స్నేహితులతో కబుర్లు చెప్పడం కలిసి వండటం కిందకు రాదు. అది ఆమె రోజూ చేసే పనే, కాకపోతే ఈసారి చూసేవాళ్లున్నారు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనుల్లో పాల్గొనే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికే వెచ్చిస్తున్నారు. పాల్గొనే పురుషుల సగటు 88 నిమిషాలు. ఇంత తేడా ఉన్నచోట సరదా వంట కూడా ఆమెకు అదనపు చాకిరీ అయిపోగలదు.

అందుకే కాల్ మొదలవకముందే పనులు పంచుకోవాలి. సరుకుల జాబితా ఎవరు రాస్తారు, ఏది ఎవరు తరుగుతారు, పొయ్యి దగ్గర ఎవరు, చివర్లో గిన్నెలు ఎవరు తోముతారు అన్నది తేలాలి. ఫోన్‌ను పొయ్యికి, ఆవిరికి దూరంగా, ఇద్దరూ కనిపించేలా ఏదైనా స్టాండ్ మీద ఉంచితే, దాన్ని పట్టుకోవడమే పనిగా పెట్టుకునే వీలు ఎవరికీ ఉండదు. స్నేహితుల ముందు భార్య వంటకు వంకలు పెట్టడం, భర్త చేతకానితనాన్ని నవ్వులపాలు చేయడం కూడా మంచిది కాదు. నలుగురిలో దొరికే మెప్పు ఎంత దగ్గర చేస్తుందో, నలుగురిలో జరిగే చిన్నబుచ్చడం అంత దూరం చేస్తుంది.

అందరికీ ఈ తీరిక లేదన్నదీ నిజం. మరమగ్గాల షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టులు మామూలు. ఆలుమగలు ఇద్దరూ పనికి పోయే ఇళ్లలో కలిసి తినడానికే వేళ కుదరదు. భార్యాపిల్లలను ఊళ్లో వదిలి వచ్చిన మగవాళ్లు గదుల్లో తోటివారితో కలిసి వండుకుంటారు. వారిలో పప్పులో ఉప్పు ఎంత వేయాలో ఫోన్‌లో భార్యను అడిగి నేర్చుకునేవారు ఉంటారు. ఆమె చెబుతుంది, అతను వండుతాడు. పక్కన గదిలోని స్నేహితులు వింటూ ఆటపట్టిస్తుంటారు. వీడియో కాల్ వంటకు ఇంతకంటే పాత రూపం, బహుశా ఇంతకంటే అవసరమైన రూపం లేదు.

పండక్కి ఊరు వచ్చినప్పుడు అతను ఆ పప్పు ఇంట్లో కూడా వండితే, ఫోన్‌లో నేర్చుకున్నది కాపురానికి అక్కరకొచ్చినట్టే.