అడుగుల సవ్వడి ఏ దిక్కున?

1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసిన నాటినుండి విద్యార్థుల పట్టణముగా పేరొందిన తిరుపతిలో, రాత్రి భోజనములు ముగిసిన పిమ్మట హాస్టలు గదులలో కంప్యూటరు ముందు చేరి వాలరంట్, కౌంటర్ స్ట్రైక్ వంటి ఆటలలో మునుగు యువకులకు కన్నులకంటె చెవులే ఎక్కువ అక్కరకు వచ్చును. గోడ చాటున పొంచిన ప్రత్యర్థి కంటబడడు. వాని అడుగుల సవ్వడి మాత్రము వినబడును. అది ఎడమనో, కుడినో, వెనుకనో అరక్షణములో పోల్చుకొన్నవానిదే పైచేయి. అందుచేతనే ఏ హెడ్‌సెట్ కొనవలెనను ప్రశ్న అంగళ్లలో ఇంతగా వినవచ్చుచున్నది. నాకు తోచినంతవరకు, దిక్కును తెలుపునది ఆటలోని గణితమును, ఆడువాని చెవులును; పరికరము చేయవలసిన ఉపకార మొక్కటే, ఆ తెలిపినదానిని చెడగొట్టకుండుట. దానికి వేలకు వేలు పోయనక్కరలేదు.

కుడిప్రక్కన పుట్టిన శబ్దము మొదట కుడిచెవిని సోకి, తలను చుట్టి ఎడమచెవిని చేరుటకు పట్టు ఆలస్యము మహా అయిన సెకనులో పదునైదువందలవ వంతు. అంతటి సూక్ష్మమైన అంతరమునే మెదడు పసిగట్టి దిక్కును నిర్ణయించును. కీచు ధ్వనుల విషయమున తలయే అడ్డుగోడయై అవతలి చెవిలో వానిని మందగింపజేయును. ఈ రెండు మార్గములను లార్డ్ రేలీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1907లో విశదీకరించెను. అయితే సరిగా ఎదుటనుండియో, సరిగా వెనుకనుండియో వచ్చు ధ్వని రెండు చెవులను ఒక్కసారే చేరును గనుక, అక్కడ చెవిదొప్పల మడతలు ధ్వని స్వభావమునందు కలిగించు మార్పే మనకు ఆధారము.

చిత్తూరు ప్రాంతపు పల్లెలలో ధర్మరాజు గుడి యెదుట భారతము జరుగునప్పుడు, హరికథ చెప్పునాయన పందిరిలో నిలిచి యుండగా ఆయన గొంతు వేపచెట్టుకు కట్టిన మైకు గొట్టమునుండి వచ్చుట అందరెరిగినదే. పలువురి మాటలు ఒకే గొట్టమున వెలువడినప్పుడు ఎవరెచ్చట నిలిచి పలికిరో చెవి చెప్పజాలదు. విండోస్ అమరికలలో ‘మోనో ఆడియో’ అను మీట పొరపాటున నొక్కబడియున్నచో ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్‌కైనను ఇదే గతి.

చెవులు చేయు ఈ లెక్కనంతటిని ఆటలే ముందుగా కట్టి, రెండు చెవులకు రెండు ధ్వనులుగా అందించుట క్రొత్త విద్య కాదు; 1998లో వచ్చిన హాఫ్ లైఫ్ నాటికే ఆరియల్ సంస్థవారి ఏ3డీ అను విధానము ఈ పని చేయుచుండెను. నేడు వాలరంట్ అమరికలలో హెచ్‌ఆర్‌టీఎఫ్ అను పేర కనబడునది ఇదే. అట్లయినచో పెట్టెలపై పెద్ద అక్షరములతో ముద్రించు ‘7.1’ ఏమిటి? చవుక రకములలో తరచుగా అది రెండే స్పీకర్లు గల హెడ్‌ఫోన్‌కు తోడిచ్చిన ఒక సాఫ్ట్‌వేర్. ఆటలోని గణితముపై దీని గణితము కూడ పడినచో రెండును కలగాపులగమై దిక్కు మసకబారును. ఆటలో ఆ సౌకర్యమే లేనియెడల, 2017 నుండి విండోస్‌తో ఉచితముగా వచ్చుచున్న విండోస్ సోనిక్‌ను వాడి చూడవచ్చును. రెండింటిలో ఒక్కటే ఉండవలెను.

ఇక కొనుగోలు. వేసవిలో నలువది డిగ్రీలు దాటు తిరుపతి ఎండకు, చెవులను పూర్తిగా కప్పు స్పంజి గిన్నెలు గంట గడవకమునుపే చెమట పట్టించును. గాలియాడు ఓపెన్ బ్యాక్ రకము వినుటకు విశాలముగా నుండునుగాని, ఫ్యాను రొద లోనికి, తుపాకుల మ్రోత ప్రక్క మంచమువానికి చేరును. కనుక హాస్టలువాసికి నేను చెప్పునది తీగ గల ఇయర్‌ఫోన్, చెవిరంధ్రమున బిగువుగా నిలుచు ఐఈఎమ్ రకము. మూన్‌డ్రాప్, కేజెడ్ వంటి చైనా సంస్థలవి రెండువేల లోపుననే లభించును. బ్లూటూత్ వలదు, అందు ధ్వని సెకనులో పదవవంతో, అంతకు మించియో ఆలస్యమగుట సాధారణము. చెన్నపట్టణపు రిచీ స్ట్రీట్‌కు పోయి కొనువారైనను, వెల ఇచ్చుటకు ముందు ఒక్కరే చెప్పు ప్రవచన మొకటి ఫోనులో పెట్టి వినవలెను. కంఠము తల నడుమ నిలిచినచో మేలు; ఒక ప్రక్కకు ఒరిగినచో రెండు స్పీకర్లును సరిజోడు కావన్నమాట.

బాస్ అధికముగా నున్నదే ఉత్తమమను భ్రాంతి మన యువకులను వదలదు. దశరథుడు శబ్దభేది, సరయూతీరమున చీకటిలో ఆయన బాణము దిక్కు తప్పలేదు. కడవ నిండు సద్దును ఏనుగు నీరు త్రాగు సద్దుగా భ్రమించుటయే ఆయన కొంపముంచెను. ఆటలోను అంతే: అడుగు కొయ్యమెట్టుపై పడినదా, ఇసుకలో పడినదా అన్నది తెలియవలెనన్న మధ్య, పై స్థాయి ధ్వనులు తేటగా వినబడవలెను, దుందుభి వంటి బాస్ వానిని మ్రింగివేయును. అది చాలక కొందరు శబ్దమును మరింత పెంతురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 80 డెసిబెల్స్ ధ్వనిని వారమునకు నలువది గంటల వరకే వినవచ్చునన్నది. శబ్దము పెరిగినకొలది ఆ గడువు శీఘ్రముగా తరుగును.

హెచ్‌ఆర్‌టీఎఫ్ సగటు చెవి కొలతలతో తయారైనది; అందరి చెవిదొప్పలు ఒక్క తీరున నుండవు గనుక, కొందరికి ముందు వెనుకల తికమక ఎంత మంచి పరికరముతోనైనను మిగిలియే యుండును. అట్టివారు మౌసును కొంచెము కుడికి త్రిప్పి చూడవలెను: శబ్దము ఎడమకు జరిగినచో శత్రువు ముందున్నాడు, కుడికి జరిగినచో వెనుకనున్నాడు. అయితే ఆ క్షణమున తాను నిలిచియుండవలెను. నడచుచున్నచో స్వంత అడుగుల సద్దే వాని అడుగులను కప్పివేయును.