మీకు తెలుసా? వేడికి కాలిన జుట్టు కోలుకోదు, కొత్తది రావాల్సిందే!
బయటికి కనిపించే వెంట్రుకలో ప్రాణం ఉండదు. అది కెరాటిన్ అనే ప్రొటీన్ పోగు. స్ట్రెయిటనర్ వేడి 200 డిగ్రీల దాకా పోతుంది. తడి జుట్టుకు పెడితే లోపలి నీరు ఆవిరై బుడగలు కడుతుంది, వెంట్రుక అక్కడే తెగుతుంది. దాన్ని ఏ సీరమూ అతకలేదు, ప్రకటనలు ఏం చెప్పినా సరే!

కుదుళ్లు మాత్రం చర్మం లోపల భద్రం. ప్రజ్ఞాపూర్ నుంచి యాదగిరిగుట్టకు పోయి తలనీలాలిచ్చిన వాళ్లకు నిగనిగలాడే కొత్త జుట్టు వచ్చేది అందుకే. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 60 సెంటీమీటర్ల జడకు అయిదేళ్లు! గుండు చేయించుకోవాలనేం లేదు. చిట్లిన కొసలు అప్పుడప్పుడు కత్తిరించి, తలస్నానానికి ముందు కొబ్బరినూనె రాస్తే చాలు. ఆ నూనె వెంట్రుక లోపలికి ఇంకి, ప్రొటీన్ కొట్టుకుపోవడాన్ని తగ్గిస్తుంది.