ఒకే బురద, రకరకాల ముక్కులు

పిల్లలూ, కాకినాడ దగ్గర ఆటు వేళకు సముద్రం ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా? నీరు వెనక్కి తగ్గిపోతుంది. గోదావరి ఏళ్ల తరబడి మోసుకొచ్చిన ఒండ్రు కోరంగి మడ అడవుల ముందు నల్లగా, మెత్తగా కనుచూపు మేర బయటపడుతుంది. కాలు పెడితే దిగబడిపోతుంది. చూసినవాళ్లు "వట్టి బురద, ఇందులో ఏముంది?" అనేస్తారు. ఆ బురద నిండా పురుగులు, గుల్లలు, రొయ్య పిల్లలు, పీతలు ఉన్నాయర్రా! వాటికోసం సైబీరియా నుంచి రెక్కలు కట్టుకుని వచ్చిన పిట్టలున్నాయి. పది రకాల పిట్టలు ఒకేచోట మేస్తున్నా పెద్దగా కొట్లాట ఉండదు. ఎవరి తిండి వాళ్లకుంటుంది. ఆ పంపకం చేసింది వాటి ముక్కులే.

ముందు వాటి భోజనం వేళ సంగతి చెబుతాను. మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఇవాళ ఆటు వచ్చిన వేళకంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ఈ పిట్టలకు పొద్దుతో పనిలేదు. అర్ధరాత్రి ఆటు వస్తే అర్ధరాత్రే దిగి తింటాయి. పోటు వేళ హోప్ ఐలాండ్ లాంటి ఇసుక మేటల మీద ఒంటికాలిపై నిలబడి కునుకు తీస్తాయి.

ఇక తినే తీరు చూద్దాం. మన పొలాల్లో తిరిగే తీతువు పిట్ట తెలుసు కదా? దాని చుట్టాలు ప్లోవర్లు ఈ తీరంలో గుంపులుగా దిగుతాయి. వాటి ముక్కు పొట్టి, కళ్లు పెద్దవి. గబగబా నాలుగడుగులు పరుగెత్తి టక్కున ఆగుతాయి. బురద మీద ఏదైనా కదిలిందా అని చూస్తాయి. కదిలితే పొడుస్తాయి, లేకపోతే మళ్లీ పరుగు. ఆ పెద్ద కళ్లు రాత్రి మసక వెలుతురులోనూ పనిచేస్తాయి. బురదపైకి వచ్చిన ప్రాణి వీటి వాటా.

లోపల దాక్కున్నది ఉల్లంకి జాతి పిట్టల వాటా. అందులోనూ అంతస్తులున్నాయి. పిచ్చుకంత ఉండే లిటిల్ స్టింట్ ముక్కు రెండు సెంటీమీటర్లు మించదు, కనుక అది పైపొరలోనే వెతుక్కుంటుంది. గాడ్విట్ ముక్కు అంతకు అయిదారింతలు. అన్నిటికంటే లోతుకు దిగేది కర్లూ. దాని ముక్కు కొడవలిలా వంగి ఉంటుంది. ఆడపక్షికైతే అది 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పైనున్న పురుగు స్టింట్‌కి, నడుమ ఉన్నది గాడ్విట్‌కి, అడుగున బొరియ చేసుకున్నది కర్లూకి దక్కుతాయన్నమాట.

"తాతయ్యా, ముక్కంతా బురదలో కూరుకుపోయాక నోరెలా తెరుస్తుంది?" అని అడగాలి మీరు. మంచి ప్రశ్న! పట్టకారు రెండు కాళ్లూ దగ్గరగానే ఉంచి కొసలు మాత్రం విప్పగలిగితే ఎలా ఉంటుందో ఊహించండి. ఈ పిట్టలు పైముక్కు చివరను మాత్రమే అలా పైకి ఎత్తగలవు. దాని ఎముకకు కొస దగ్గర వంగే గుణం ఉంది. బురద బరువుతో పోరాడి మొత్తం నోరు తెరవక్కరలేదు. కొసతో పురుగును పట్టుకుని పైకి లాగేస్తాయి.

మరి చీకట్లో, కంటికి కనబడని లోతులో పురుగెక్కడుందో ఎలా తెలుస్తుంది? వాటి ముక్కు చివర ఎముకలో సన్నని గుంటలు బోలెడుంటాయి. వాటిలో ఒత్తిడినీ అదురునూ పసిగట్టే నరాల కొసలున్నాయి. 1998లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు థియునిస్ పీర్స్మా, ఆయన సహచరులు రెడ్ నాట్ అనే పిట్టలతో ఒక ప్రయోగం ప్రచురించారు. తడి ఇసుకలో గుల్లలకు బదులు రాళ్లు పాతిపెట్టినా ఆ పిట్టలు కనిపెట్టేశాయి! రాయి కదలదు కదా. మరి ఎలా తెలిసింది? పిట్ట ముక్కు గుచ్చినప్పుడల్లా ఇసుక రేణువుల నడుమ ఉన్న నీరు పక్కలకు తోసుకుపోతుంది. దారిలో గుల్లో రాయో అడ్డముంటే నీరు సాఫీగా పోలేక అక్కడ ఒత్తిడి పెరుగుతుంది. ఆ తేడాను ముక్కు పసిగడుతుంది. తాకకుండానే తెలుసుకోవడం ఇది. అందుకే తడి ఆరిన ఇసుకలో వాటికి పని జరగదు, నీటి అంచునే అంటిపెట్టుకుని తిరుగుతాయి.

మన ఉష్ణమండల తీరాలకు ఒక ప్రత్యేకత ఉంది. ఆటు వేళ చిన్న పీతలు బొరియల్లోంచి వేలకొద్దీ పైకి వస్తాయి. మగ పీతకు ఒక డెక్క మాత్రం ఒంటికి మించి పెద్దగా ఉంటుంది. దాన్ని ఊపుతూ ఆడపీతలను పిలుస్తుంది. అలికిడైతే చటుక్కున బొరియలో దూరుతుంది. వింబ్రెల్ అనే పిట్ట ముక్కు కొంచెం కిందికి వంగి ఉంటుంది. ఆ వంపు పీత బొరియ మలుపులోకి చక్కగా దూరుతుంది. పీతను బయటికి లాగి కాళ్లు విదిలించి మింగేస్తుంది.

నీటి బొట్టుతో తిండి తినే పిట్ట కూడా ఉంది. ఫాలరోప్ నీటిమీద గిరగిరా తిరిగి అడుగునున్న చిట్టి ప్రాణులను పైకి రప్పిస్తుంది. వాటిని ఒక నీటిబొట్టుతో సహా ముక్కు కొసన పట్టుకుంటుంది. ముక్కు కిందికి వాలి ఉంటే బొట్టు నోట్లోకి ఎలా ఎక్కుతుంది? ముక్కును కొద్దిగా తెరిచి మూస్తుంటే తలతన్యత వల్ల బొట్టు మెట్టు మెట్టుగా పైకి జరుగుతుందని మను ప్రకాష్, డేవిడ్ కేరే, జాన్ బుష్ 2008లో వివరించారు. నీటిలో నూనెగాని సబ్బుగాని కలిస్తే తలతన్యత చెడుతుంది. కళ్లముందు తిండి ఉన్నా పిట్టకు అందదు.

ఇప్పుడు పులికాట్ సరస్సుకు వెళదాం. అక్కడ ఎర్రకాళ్ల కొంగ ముక్కును సగం తెరిచి నీటిలో ముంచి నడుస్తుంది. చేప తగిలిందంటే ముక్కు మూసుకుపోతుంది. దీని అమెరికా బంధువైన వుడ్ స్టార్క్ కళ్లకు అడ్డంపెట్టి చేసి 1963లో ప్రచురించిన పరీక్షలో, చేప తగిలిన క్షణం నుంచి ముక్కు మూసుకోవడానికి పట్టింది సెకనులో నలభయ్యో వంతు! తెడ్డుమూతి కొంగ ముక్కును అటూ ఇటూ తిప్పుతూ నీటిని గాలిస్తుంది. ఫ్లెమింగో తల తలకిందులు చేసి నాలుకతో నీటిని లోపలికి లాగి, ముక్కు అంచున ఉన్న దువ్వెన పళ్లలాంటి పలకల గుండా వడకట్టుకుంటుంది. అలా వడకట్టుకున్న నాచులో, రొయ్య జాతి చిట్టి ప్రాణుల్లో ఉన్న కెరోటినాయిడ్లే దాని రెక్కలకు గులాబీ రంగునిస్తాయి.

ఇంత తిండి ఎందుకంటారా? తిరుగు ప్రయాణానికి. కాకినాడ తీరానికి చలికాలంలో వచ్చే గ్రేట్ నాట్ గుడ్లు పెట్టేది ఈశాన్య సైబీరియా కొండల్లో. ఇది గుల్లలను గుల్లలుగానే మింగి కందనకాయలో పిండి చేసుకుంటుంది. ఆ తిండంతా కొవ్వుగా దాచుకుంటుంది. 2000లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, ఆస్ట్రేలియా నుంచి చైనాకు ఆగకుండా 5,400 కిలోమీటర్లు ఎగిరిన గ్రేట్ నాట్లకు దారిలో కొవ్వుతోపాటు పేగులూ కాలేయమూ కూడా చిక్కిపోయాయి. దిగిన చోట తిండి దొరికితేనే ఒళ్లు కోలుకుంటుంది.

దక్షిణ కొరియాలో సేమాన్‌గుమ్ అనే చోట 33 కిలోమీటర్ల గోడ కట్టి 2006లో బురద మైదానాన్ని సముద్రం నుంచి వేరుచేశారు. అంతకుముందు అక్కడ పెద్ద సంఖ్యలో దిగే గ్రేట్ నాట్లకు ఆ చోటు పోయింది. ఈ పిట్ట ఇప్పుడు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది.

కాబట్టి మన తీరంలో బురదను ఎవరైనా పనికిరాని నేల అంటే ఒప్పుకోకండి. సెలవుల్లో ఆటు వేళ కనుక్కుని పెద్దవాళ్లతో వెళ్లి చూడండి. దగ్గరికి పోయి పిట్టలను లేపకండి. అనవసరంగా ఎగిరిన ప్రతిసారీ వాటి ప్రయాణానికి దాచుకున్న కొవ్వు కరుగుతుంది. దూరంగా నిలబడి ఏ ముక్కు ఎంత లోతుకు దిగుతోందో గమనించండి, చూసింది చూసినట్టు రాసిపెట్టుకోండి.