నాకేం వచ్చు మాస్టారూ?

పదో తరగతి పరీక్షలు దగ్గరపడేసరికి పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఇది. "వాడు లెక్కల్లో గట్టివాడు, ఆ అమ్మాయి బొమ్మలు బాగా వేస్తుంది. మరి నాకేం వచ్చు?" అంటారు. మీలోనూ చాలామందికి ఈ దిగులు ఉండే ఉంటుంది. దీనికి జవాబు మా పాతపట్నం పక్కనే ఉంది, వినండి.

పాతపట్నం నుంచి ఒడిశా సరిహద్దు దాటితే కొద్ది కిలోమీటర్లలోనే పర్లాకిమిడి. 1880లో అక్కడి రాజావారి బడికి, పదిహేడేళ్ళు నిండీ నిండని ఒక కుర్రవాడు నెలకు 30 రూపాయల జీతంమీద మాస్టారుగా వచ్చాడు. ఆయనే గిడుగు రామమూర్తి. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. మెట్రిక్యులేషన్ కాగానే ఉద్యోగంలో చేరక తప్పలేదు. తనలో ఏ శక్తి దాగి ఉందోనని కూర్చుని ఆలోచించే తీరిక ఆయనకెక్కడిది?

కొండలు దిగి వచ్చే సవరల మాటలు ఆ ప్రాంతంలో అందరి చెవినా పడేవే. అందరూ విని వదిలేసేవారు. రామమూర్తి వదలలేదు. ఈ మాట తెలుగులా లేదు, ఒడియాలా లేదు, మరి ఏమిటిది? తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే ఉంచుకుని నేర్చుకోసాగాడు. ఆ పని చెయ్యమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇది గుర్తుంచుకోండి.

అందులోని కష్టమేమిటో తెలియాలంటే చిన్న ప్రయోగం చెయ్యండి. దగ్గబోయి, దగ్గు బయటికి రాకముందే ఆపండి. గొంతులో గాలి బిగిసింది కదూ? స్వరతంతులు రెండూ దగ్గరికి చేరి దారి మూసేశాయన్నమాట. మనకది దగ్గుకు ముందు జరిగే పని. సవర భాషలో అటువంటి బిగింపు మాటలోనే ఒక ధ్వని. మన అక్షరమాలలో దానికి గుర్తు లేదు. గుర్తు లేనిదాన్ని ముందు చెవి పట్టుకోవాలి, ఆ తరువాతనే కలం. మాటల కూర్పు మరీ చిత్రం. "పులి నిన్ను పట్టుకుంటుంది" అని మనం మూడు మాటల్లో చెప్పేదాన్ని సవరలు ఒక్క మాటలో చెప్పగలరు. పులి కూడా ఆ క్రియలోనే ఇమిడిపోతుంది! తెలుగు ద్రావిడ భాష, ఒడియా ఆర్య భాష. సవర వీటికి చెందదు. అది ముండా శాఖది, ఎక్కడో ఉన్న వియత్నాం, కంబోడియా భాషలకు దూరపు చుట్టం.

రామమూర్తికి భాషాప్రతిభ ఉందని ఇవాళ మనం సులువుగా అంటాం. 1880లో ఆయన్నే అడిగితే ఆ మాట చెప్పగలిగేవాడని నేననుకోను. ఆయన చరిత్ర మీద ఇష్టంతో, ముఖలింగం గుడిలోని శాసనాలు చదవడానికి పాత లిపులు సొంతంగా నేర్చుకున్నాడు. ఉద్యోగం చేస్తూనే బి.ఏ. ప్యాసయ్యాడు. చేస్తూ పోగా తెలిసింది, తనకేం వచ్చునో.

ఎందుకు చెయ్యాలో కూడా అలాగే తెలిసింది. సవర పిల్లలకు బడి ఉన్నా, పాఠం తమది కాని భాషలో. వాళ్ళకోసం తెలుగు లిపిలో సవర వాచకాలు రాశాడు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, తనకు వద్దనీ, ఆ సొమ్ము సవర పిల్లల బడికి ఇమ్మనీ అన్నాడు.

మన్యంలో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది. అప్పటి మందు క్వినైన్. అది ఎక్కువైతే చెవులు హోరెత్తుతాయి, వినికిడి తగ్గవచ్చు. ఆయనకు అదే జరిగింది. ఏ చెవితో ఈ పని మొదలైందో ఆ చెవికే దెబ్బ! అయినా 1931లో సవర భాషా వ్యాకరణమూ, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువూ వెలువడ్డాయి. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం మీకు తెలిసిందే. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం.

మీరూ ఒక నోటుబుక్కు తీసుకోండి. ఎవరూ చెప్పకుండా, మార్కులు రావని తెలిసీ, మీరు మళ్ళీ మళ్ళీ చేసే పనులు నెలరోజులపాటు రాయండి. గొప్పవే రాయనక్కరలేదు. చీమల బారు వెంట నడిచినా రాయండి, పాత రేడియో విప్పి మళ్ళీ బిగించలేకపోయినా రాయండి.

చాలా ఏళ్ళ క్రితం నా క్లాసులో వెనక బెంచీ కుర్రవాడొకడు ఉండేవాడు. కిటికీ బయట ఏ పిట్ట కూసినా అచ్చం అలాగే కూసేవాడు. పాఠం పాడవుతోందని రెండుసార్లు నిలబెట్టాను. మూడోసారి వాడు కూయలేదు. ఏయే పిట్టలు తెలుసురా నీకు, అని నేను వాణ్ణి ఒక్కసారీ అడగలేదు.