రొయ్యలు వెళ్లిపోయాక మట్టి

గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరి చేనును రొయ్యల చెరువు చేయడానికి పొక్లెయిన్ ఉంటే కొద్ది రోజులు చాలు. ఆ చెరువును మళ్లీ చేనుగా చేయాలంటే ఏళ్లు పడుతుంది. ఉప్పే కారణమని అందరికీ తెలుసు. ఆ ఉప్పు మట్టిలో చేసే పని మాత్రం కాస్త చిక్కైనది.

తవ్వకంతోనే మొదటి దెబ్బ తగులుతుంది. సేంద్రియ కర్బనం, సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది జానెడు పైమట్టిలోనే. అదంతా గట్లకు పోతుంది.

తర్వాత నీరు. లీటరుకు 10 గ్రాముల ఉప్పున్న నీటిని ఎకరం చెరువులో మీటరు లోతున నింపితే, అందులోని ఉప్పు సుమారు 40 టన్నులు. సముద్రపు నీటిలో ఉప్పు ఇంతకు మూడింతలకు పైనే. 2009లో అనుమతి పొందిన వనామీ రకం రొయ్య తక్కువ ఉప్పులోనూ పెరుగుతుంది కాబట్టి చెరువులు తీరం వదిలి మాగాణుల్లోకీ వచ్చాయి. వరికి అంత ఓర్పు లేదు. మట్టిలో ఉప్పును తెలిపే కొలత ఇ.సి. (విద్యుత్ వాహకత) మీటరుకు 3 డెసిసీమెన్స్ దాటిందంటే దిగుబడి పడిపోతుంది.

"నాలుగు వానలు పడితే ఉప్పు అదే కడుక్కుపోతుందిలే" అంటారు. విడిగా ఉన్న ఉప్పు పోయే మాట నిజమే. అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. బంకమట్టి రేణువులు మామూలుగా కాల్షియాన్ని పట్టుకుని ఉంటాయి. అదే వాటిని గుంపులుగా కలిపి ఉంచుతుంది. ఉప్పునీటిలోని సోడియం కాల్షియాన్ని తోసేసి ఆ చోట కూర్చుంటుంది. చుట్టూ ఉప్పునీరు ఉన్నన్నాళ్లూ తేడా పెద్దగా కనిపించదు. వాననీరు తగలగానే రేణువులు ఉబ్బి, విడిపోయి, మట్టిలోని సన్నని రంధ్రాలను పూడ్చేస్తాయి. ఇక నీరు కిందికి దిగదు, వేళ్లకు గాలి ఆడదు, ఎండితే నేల పెచ్చుకడుతుంది. కడిగితే బాగుపడే తెల్లచౌడు ఇలా కారుచౌడుకు దారితీస్తుంది.

దీనికి మందు జిప్సం. అందులోని కాల్షియం సోడియాన్ని ఊడగొడుతుంది. ఊడిన సోడియం మంచినీటితో పాటు మురుగు కాలువలోకి పోవాలి. పల్లపు డెల్టాలో ఆ కాలువే సరిగా పారకపోతే ఎన్ని బస్తాలు వేసినా వృథాయే. జీలుగు వేసి కలియదున్నడం తోడ్పడుతుంది గానీ, అదొక్కటే చాలదు.

పక్క చేను సంగతి మరీ అన్యాయం. గట్టు దాటిన ఊట నీరు, చెరువు చేయని రైతు మడిలోనూ ఉప్పు చేరుస్తుంది. వ్యవసాయ భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తవ్వకాలు ఆగలేదు. వరి గిట్టుబాటు కాని రైతును ఒక్కడినే తప్పుపట్టి లాభం లేదు.

పొలాన్ని చెరువుకు లీజుకిచ్చేవారు ముందే మట్టి పరీక్ష చేయించి ఆ కాగితం దాచుకోండి. గడువు తీరాక జిప్సం ఖర్చు ఎవరు పెట్టుకోవాలో లీజు పత్రంలోనే రాయించుకోండి.