పెద్దింటి పెరటి వైపు

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లులు మనలో చాలామందే ఉన్నారు. చలికాలంలో అక్కడికి వెళితే నాలుగు గోడల మధ్యే రోజులు గడిచిపోతాయంటారు. వాషింగ్టన్ నగరం చుట్టుపక్కల ఉండేవాళ్ళు ఒక రోజు వీలు చేసుకుని మౌంట్ వెర్నన్ చూసి రండి. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఇల్లూ, పొలమూ అక్కడే. నగరానికి దక్షిణంగా సుమారు 15 మైళ్ళు, పొటోమాక్ నది ఒడ్డు. చలిరోజుల్లో జనం తక్కువ, తీరిగ్గా చూడొచ్చు. త్వరగా మూసేస్తారు కనుక పొద్దున్నే బయల్దేరాలి. చీరమీదికి బూట్లేమిటని మొహమాటపడకండి. నదిమీంచి వచ్చే గాలి ఎముకలు కొరికేస్తుంది!

ఇల్లు దూరానికి రాతికట్టడంలా ఉంటుంది. దగ్గరికెళితే అంతా చెక్కే! రాళ్ళలా చెక్కిన పలకలకు రంగు వేసి, తడి ఆరకముందే ఇసుక చల్లారు.

వాషింగ్టన్ మొదట పొగాకు పండించాడు. భూమి సారం పోతోందని 1760ల నడుమ గోధుమకు మారాడు. నూర్పిడికి పదహారు పలకల కొట్టం కట్టించాడు. మన కళ్ళంలో ఎడ్లను తిప్పినట్టు అందులో గుర్రాలను తిప్పేవారు. నేలచెక్కల సందుల్లోంచి గింజలు కింది అంతస్తులోకి రాలేవి. ధాన్యం వానకు తడిసే బాధ లేదన్నమాట. ఇప్పుడు చూపించేది ఆ నమూనాలో మళ్ళీ కట్టినది.

ఇక మనం నిలబడి చూడవలసింది వంటిల్లు, మాంసం పొగబెట్టి నిలవచేసే గది, బట్టలుతికే గది. ఆ చాకిరీ అంతా బానిసలదే. 1799 డిసెంబరులో వాషింగ్టన్ పోయేనాటికి అక్కడ 317 మంది ఉండేవారు. అందులో 123 మంది ఆయన సొంతం. 153 మంది భార్య మార్తా మొదటి భర్త ఆస్తికి చెందినవాళ్ళు. మిగిలినవాళ్ళు అద్దెకు తెచ్చినవాళ్ళు. తనవాళ్ళను భార్య తదనంతరం విడిచిపెట్టాలని ఆయన వీలునామా రాశాడు. మార్తా అంతదాకా ఆగకుండా 1801 జనవరి 1న వాళ్ళను వదిలేసింది.

మరి ఆ 153 మంది? మనకు 1956 చట్టం రాకముందు వితంతువుకు భర్త ఆస్తిమీద బతికున్నంతకాలం అనుభవమే ఉండేది కదా, మార్తా హక్కూ అలాంటిదే. 1802లో ఆవిడ పోయాక వాళ్ళను మనవలు పంచుకున్నారు. ఈ వంటింట్లో వండిన లూసీ వాళ్ళలో ఒకరు. ఇంట్లో బట్లరుగా పనిచేసిన ఆమె భర్త ఫ్రాంక్ లీకి స్వేచ్ఛ దొరికింది. లూసీకీ పిల్లలకీ దొరకలేదు. చూశారా, ఒకే కాపురం, రెండు రాతలు!

తరవాత ఈ ఇల్లు పాడుబడుతూంటే నిలబెట్టినవాళ్ళు ఆడవాళ్ళే. ఆన్ పమేలా కన్నింగ్‌హామ్ అనే ఆవిడ, అందులోనూ జబ్బు మనిషి, 1853లో మహిళలను కూడగట్టడం మొదలుపెట్టింది. ఊరూరా చందాలు పోగుచేసి, 2 లక్షల డాలర్లకు ఇల్లూ 200 ఎకరాలూ కొనడానికి 1858లో ఒప్పందం చేసుకున్నారు. అక్కడి రాజ్యాంగం స్త్రీల ఓటును గుర్తించింది 1920లో! ఇప్పటికీ అది ఆ మహిళా సంఘం ఆస్తే.

హాలు ముందు ఫొటో దిగి వచ్చెయ్యకండి. వాషింగ్టన్ సమాధికి దగ్గర్లోనే బానిసల శ్మశానం ఉంది. పేర్లు చెక్కిన రాళ్ళు లేవు, 1983లో కట్టిన స్మారకం ఉంది. మనవలను వెంటబెట్టుకుని అక్కడిదాకా నడవండి. వంటింటి లూసీ కథ వాళ్ళకు మీరే చెప్పండి.