మీకు తెలుసా? నాంపల్లి కంటే ఆబిడ్స్‌లో ముందే తెల్లారుతుంది!

ఎంత ముందు? సుమారు 2 సెకన్లు. నాంపల్లి స్టేషన్‌కు తూర్పున కిలోమీటరు దూరంలో ఉంటుంది ఆబిడ్స్ జీపీవో. ఒక డిగ్రీ రేఖాంశం తిరగడానికి భూమికి 4 నిమిషాలు పడుతుంది. మిగతాది మీరే లెక్కేసుకోవచ్చు.

మన గడియారాలకు ఆధారం కాకినాడకు దగ్గరగా వెళ్లే 82°30' తూర్పు రేఖాంశం. హైదరాబాద్ ఉన్నది 78°28' దగ్గర. తేడా 4 డిగ్రీల పైచిలుకు, అంటే 16 నిమిషాలు. అందుకే ఇక్కడ అసలు మిట్టమధ్యాహ్నం ఏడాది సగటున 12.16కు వస్తుంది. నవంబరు మొదట్లో 12కే, ఫిబ్రవరి మధ్యలో 12.30కి. నమ్మకం లేకపోతే మేడ మీద కర్ర పాతి, నీడ ఎప్పుడు బాగా పొట్టిదవుతుందో చూడండి.

ఇక అక్షాంశం 17°23' ఉత్తరం. అట్లాస్‌లో ఆ గీత వెంట వేలు పడమరకు జరిపితే కలబురగి. తూర్పుకైతే థాయ్‌లాండ్‌లోని ఉదోన్ థానీ, పసిఫిక్ దాటాక మెక్సికో, ఆపైన బెలీజ్.

అట్లాస్ లేదా? ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల్లో వెతకండి. ముద్రించిన ఏడు చిరిగిపోయినా ఫర్వాలేదు: సోవియట్ యూనియన్ కనిపిస్తే 1991 నాటి సరిహద్దులకు ముందుది, సూడాన్ ఒకే దేశంగా ఉంటే 2011కు ముందుది, తెలంగాణ లేకపోతే 2014కు ముందుది. బేరానికి పనికొస్తుంది!